పొగ, మందు, దుమ్ము మధ్య సాలీడు: తరచుగా అడిగే ప్రశ్నలు

జంతుశాస్త్రం చెప్పినన్నాళ్ళూ శ్రీకాకుళంలో జనం నన్ను పాముల గురించే అడిగేవారు. రిటైరయ్యాక, పొద్దున్నే నాగావళి గట్టు మీద తుప్పల ముందు కళ్ళజోడు సవరించుకుంటూ నిలబడటం చూసి, ఇప్పుడు సాలీళ్ళ గురించి అడుగుతున్నారు. ఒకే ప్రశ్న పదిమంది పదిరకాలుగా అడుగుతుంటే ఒకచోట రాసి పెట్టేస్తే సరిపోతుందనిపించింది. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కలే.

ఇంత పొగలో, దుమ్ములో సాలీళ్ళు బతుకుతాయా మాస్టారూ?

బతుకుతాయి. జాతీయ రహదారి పక్కన గడ్డిలో చూడండి, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర తుమ్మకొమ్మల్లో చూడండి, మురుక్కాలువ మీద వేసిన పలక కింద చూడండి. గూడు లేని చోటు వెతకడమే కష్టం. 2022 నాటికి ప్రపంచంలో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన సాలీళ్ళ జాతులు 50,000 దాటాయి. కాలుష్యం పెరిగే కొద్దీ వాటిలో కొన్ని ఆ చోటు వదిలేస్తాయి, కొన్ని ఓర్చుకుని ఉంటాయి, ఒకటీ రెండూ మాత్రం ఇంకా బలుస్తాయి.

అయితే బతకడం వేరు, బాగుండటం వేరు. అప్పులు చేసి సంసారం లాగుతున్న ఇంటికి వీధిలోంచి చూస్తే ఏ లోటూ కనిపించదు. గుమ్మానికి తోరణం ఉంటుంది, పొయ్యి మీద ఎసరు ఉంటుంది. కాలుష్యంలో సాలీడు సంసారం అలాంటిదే. ఎక్కడ అప్పు చేస్తోందో, ఎవరు తీరుస్తున్నారో కింద ఒక్కొక్కటే చెబుతాను.

సాలీడుకు కూడా టెన్షన్ ఉంటుందా?

మనకు పరీక్ష ఫలితాల ముందు వచ్చేలాంటిది కాదు. శాస్త్రంలో ఒత్తిడి అంటే ఒంట్లో మామూలుగా నడిచే పనులు నడవకుండా అడ్డుపడేది ఏదైనా సరే: ఎండ, ఆకలి, నీళ్ళు లేకపోవడం, సీసం, కాడ్మియం, పురుగుమందు. ఇవన్నీ చివరకు కణాల దగ్గర ఒకే రకం గొడవ చేస్తాయి. ఆక్సిజన్‌తో కూడిన చురుకైన అణువులు అదుపు తప్పి తిరుగుతూ ప్రొటీన్లనీ, కొవ్వుపొరలనీ, డీఎన్ఏనీ పాడుచేస్తాయి. ఇనుము తుప్పు పట్టడం లాంటిదే ఒంట్లోనూ జరుగుతుందనుకోండి. ఆ తుప్పును ఆపడానికి సాలీడు పడే పాట్లే ఈ పేజీలో సగం.

విషం దాని ఒంట్లోకి ఎలా వెళ్తుంది? అది గాలి పీల్చేది ఎంతని?

గాలిలోంచి వెళ్ళేది తక్కువ. సాలీడుకు పొట్ట కింద పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరితిత్తులు ఉంటాయి. వాటి ద్వారాలు ఎప్పుడూ బార్లా తెరిచి ఉండవు. కదలకుండా కూర్చున్నప్పుడు దాదాపు మూసుకునే ఉంటాయి.

అసలు దారి నోరు. సాలీడు నమిలి మింగదు. పట్టిన పురుగు మీదకు జీర్ణరసం కక్కి, మాంసం కరిగాక ఆ రసం పీల్చుకుంటుంది. ఆకులో చేరిన లోహం ఆకు తిన్న పురుగులోకి, పురుగులోంచి ఈ రసంలోకి, అక్కణ్నుంచి సాలీడు పొట్టలోకి చేరుతుంది. వేటాడి తినేది కాబట్టి కింది మెట్ల మీద పోగైనదంతా దాని విస్తట్లోకి వస్తుంది. కాడ్మియం, జింకు, రాగి సాలీళ్ళలో పేరుకున్నంతగా చాలా ఇతర చిన్న జీవుల్లో పేరుకోవు.

ఇంకో దారి ఉంది, ఇది చాలామందికి తెలియదు. చక్రంలా గుండ్రటి గూడు కట్టే సాలీళ్ళలో చాలావరకు పాత గూటిని తినేసి ఆ దారాన్నే మళ్ళీ వాడుకుంటాయి. దారం అంటే ప్రొటీను, పారేసుకునే సరుకు కాదు. పొందూరులో ఖద్దరు వడికేవాళ్ళు పత్తిలోని నలుసును వాలుగ చేప దవడతో దువ్వి తీసేస్తారు. సాలీడుకు ఆ సదుపాయం లేదు. రాత్రంతా గూటికి అంటుకున్న పుప్పొడి, మసి, దుమ్ము అన్నీ దారంతోపాటే నోటి దగ్గరకు వస్తాయి. నోటి దగ్గరి వెంట్రుకలు పెద్ద రేణువుల్ని వడపోస్తాయి కానీ దారానికి పట్టి కరిగిపోయినదాన్ని ఏ జల్లెడా ఆపదు.

లోపలికి వెళ్ళిన విషాన్ని ఏం చేస్తుంది?

కొంత బయటకు తోస్తుంది, మిగతాది తాళం వేసి దాస్తుంది. దాచడంలోనే దాని నేర్పు.

సాలీడు పొట్టలో సగానికి పైగా ఒక గ్రంథి ఆక్రమించి ఉంటుంది. మన కాలేయం, క్లోమం కలిపి చేసే పనులన్నీ అదొక్కటే చేస్తుంది: జీర్ణరసం తయారీ, తిండి నిల్వ, విషం విరగ్గొట్టడం. కాడ్మియం లాంటి లోహం ఇక్కడికి రాగానే మెటలోథయోనిన్ అనే చిన్న ప్రొటీను దాన్ని పట్టుకుంటుంది. ఈ ప్రొటీనులో గంధకం ఉన్న భాగాలు ఎక్కువ, లోహాలకు గంధకం అంటే మహా ఇష్టం. అలా పట్టుకున్నదాన్ని కణాల్లో గుండ్రటి పలుకులుగా గట్టిపరచి మూల పెట్టేస్తుంది. లోహం ఒంట్లోనే ఉంటుంది, కానీ కదలదు, ఎవర్నీ కరవదు. ఎలుకను చంపలేక బోనులో పెట్టి అటక మీద పెట్టినట్టు.

ఇక గ్లూటాథయోన్. ఇది చాలా చిన్న అణువు, విషాలకు అతుక్కుని వాటిని నీళ్ళలో కరిగేలా చేస్తుంది. ఆ అతికించే పనికి ఒక ఎంజైము, తుప్పు పుట్టించే పెరాక్సైడ్లను విరగ్గొట్టడానికి కాటలేజ్ లాంటివి మరికొన్ని. వీటికి తోడు హీట్ షాక్ ప్రొటీన్లు. పేరులో వేడి ఉన్నా, లోహాలకూ మందులకూ కూడా ఇవి పుట్టుకొస్తాయి. ఆకారం చెడిపోయిన ప్రొటీన్లను మళ్ళీ సరిగ్గా మడతపెట్టడం వీటి పని, ఇస్త్రీ చేసేవాడిలాగ.

పోలండ్ దక్షిణాన ఓల్కుష్ అనే ఊరి పక్క జింకు, సీసం కరిగించే పరిశ్రమ ఉంది. అక్కణ్నుంచి దూరం పోయే కొద్దీ నేలలో లోహాలు తగ్గుతాయి. ఆ దేశపు పరిశోధకులు చాలా ఏళ్ళుగా అలాంటి ప్రాంతాల సాలీళ్ళను పట్టి ఈ ఎంజైములను, ఈ ప్రొటీన్లను కొలుస్తున్నారు. అందులో నాకు నచ్చిన సంగతి: ఒకే చోట, ఒకే నేల మీద బతికే రెండు జాతులు ఒకేలా స్పందించవు. గూడు కట్టి కూర్చునేదాని లెక్క ఒకటి, తిరిగి వేటాడేదాని లెక్క మరొకటి. కాబట్టి 'సాలీళ్ళు ఇలా చేస్తాయి' అని నేను ఎక్కడైనా ఒక్కముక్కలో తేల్చేస్తే కాస్త తగ్గించుకుని వినండి.

బయటకు తోసే పద్ధతి కూడా ఉంది. గ్రంథిలో లోహం నిండిన కణాలు కొన్ని రాలిపోయి మలంతో బయటకు వస్తాయి. కణాన్నే బలి ఇచ్చి విషాన్ని వదిలించుకోవడం అన్నమాట. కానీ పోయిన కణం స్థానంలో కొత్తది కట్టాలి, దానికీ తిండే కావాలి.

అంటే అలవాటు పడిపోయినట్టే కదా? ఇంక బాధేమిటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళే ఎక్కువ. ఇంచుమించు ఇదే ధీమాతో అడుగుతారు.

పైన చెప్పిన పనుల్లో ఏదీ ఉచితం కాదు. మెటలోథయోనిన్ తయారు కావాలంటే ప్రొటీను కావాలి. గూటి దారానికీ ప్రొటీనే, గుడ్డుకూ ప్రొటీనే. ఒక జేబులోంచి తీసి మూడు చోట్ల పెట్టాలి. విషం ఎక్కువైతే మొదట కోత పడేది ఎదుగుదలకు, తర్వాత సంతానానికి.

బెల్జియంలో షెల్డ్ నది ఒడ్డు చిత్తడి నేలల్లో ఉండే ఒక తోడేలు సాలీడు మీద 2003లో వచ్చిన పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. లోహాల కాలుష్యం ఎక్కువ ఉన్న చోట ఆడ సాలీళ్ళు తక్కువ గుడ్లు పెట్టాయి, కానీ ఒక్కో గుడ్డు పెద్దది. కష్టకాలంలో ఆరుగురు పిల్లల్ని అరకొరగా పంపేకన్నా ఇద్దరికి కడుపునిండా పెట్టి పంపడం మేలని లెక్క వేసినట్టుంటుంది. లెక్క వేసింది సాలీడు కాదు. తరతరాలుగా అలా పెట్టినవాటి పిల్లలే మిగిలాయి.

అందుకే గట్టు మీద సాలీడు కనబడగానే 'చూశారా, ఇక్కడ కాలుష్యం లేదు' అనేవారితో నేను వాదిస్తాను. ఉందా లేదా అని కాదు చూడాల్సింది. ఎంత పెద్దదైంది, గుడ్లసంచిలో ఎన్ని ఉన్నాయి, పక్కన ఎన్ని జాతులు మిగిలాయి అనేది చూడాలి.

పురుగులే లేకుండా పోతే ఆకలితో చావదా?

అంత త్వరగా చావదు. దాని ఒంట్లో పొయ్యి చాలా సన్నగా మండుతుంది. అదే బరువున్న ఇతర జీవులతో పోలిస్తే సాలీడు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి తక్కువ. వారాలు, కొన్ని జాతులైతే నెలలు తిండి లేకుండా గడుపుతాయి. ఆకలి పెరిగితే ఇంకా సన్నగా మండిస్తాయి.

చిక్కంతా ఆకలి, విషం రెండూ ఒకేసారి వచ్చినప్పుడు. విషాన్ని విరిచే పనికి శక్తి కావాలి. ఆకలి ఉన్నప్పుడు అదే లేదు. మన మే నెల ఎండ మూడోది. సాలీడు కాళ్ళు చాపేది కండరంతో కాదు, ఒంట్లోని ద్రవం ఒత్తిడితో. నీరు తగ్గితే కాళ్ళు చాపలేదు. చచ్చిన సాలీడు కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉండటం మీరు చూసే ఉంటారు, కారణం అదే.

మా వరి చేలో మందు కొట్టాక సాలీళ్ళు మళ్ళీ వస్తాయా?

నరసన్నపేట వైపు రైతు ఒకాయన అడిగారు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మన వైపు సాలీడుకు పెద్ద పరీక్ష కర్మాగారాల పొగ కాదు, స్ప్రేయరు అని నా నమ్మకం.

వరి దుబ్బుల మొదట్లో నీటికి కొంచెం పైన పరిగెత్తే, వీపు మీద చీలిన గీత ఉన్న గోధుమరంగు సాలీడును గమనించండి. వ్యవసాయశాఖ వాళ్ళు లైకోసా అంటారు. ఆడది తెల్లటి గుడ్లసంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పొదిగాక పిల్లల్ని వీపున మోస్తుంది. ఒక పెద్ద సాలీడు వరి కాండం రసం పీల్చే సుడిదోమల్ని రోజుకు 5 నుంచి 15 తినగలదు. దుబ్బుకు ఒకటున్నా మీ తరఫున పని చేసే కూలీ ఒకడు ఉన్నట్టే, జీతం లేకుండా.

సుడిదోమ కనబడగానే సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం మందు కొడితే ఏమవుతుంది? బయట పరిగెత్తే సాలీడు ముందు పోతుంది. దోమ మొదట్లో దాక్కుని కొంత మిగులుతుంది, కాండంలో పెట్టిన గుడ్లు మిగులుతాయి. పది రోజుల్లో గుడ్లు పిల్లలవుతాయి, తినేవాడు లేడు. దోమపోటు ముందుకన్నా ఎక్కువైపోతుంది. ఇది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఎన్నో ఏళ్ళ కిందటే చూపించిన సంగతి. మందు పని చేయలేదని రైతు ఇంకోసారి కొడతాడు.

చావకుండా మిగిలిన సాలీళ్ళూ మునుపటిలా ఉండవు. వేట తగ్గుతుంది, నడక తడబడుతుంది. తోడేలు సాలీళ్ళలో మగది ఆడదాని జాడను అది వదిలిన దారంలోని వాసనతో పడుతుంది. గ్లైఫోసేట్ కలుపుమందు తగిలిన చోట మగవి ఆ జాడను సరిగా పట్టలేకపోయాయని అమెరికాలో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. అర్జెంటీనాలో గూడు కట్టే ఒక జాతి మీద అదే మందు ప్రయోగిస్తే గూళ్ళు చెడ్డాయి, గుడ్లు తగ్గాయి. కలుపుమందు మొక్కకే కదా అనుకుంటాం.

పోలండ్‌లోనే మరో పని చేశారు. లోహాల కాలుష్యం ఉన్న చోట పెరిగినవాటికీ, శుభ్రమైన చోట పెరిగినవాటికీ డైమిథోయేట్ అనే పురుగుమందు ఇచ్చి చూశారు. స్పందన ఒకేలా లేదు. పాత అప్పు ఉన్నవాడి ఇంటికి కొత్త ఖర్చు వచ్చినట్టు.

మళ్ళీ వస్తాయా అంటే, వస్తాయి. గట్ల మీద గడ్డి ఉంటే అక్కడ దాక్కున్నవి నడిచి వస్తాయి, పిల్లలు దారం పట్టుకుని గాలిలో వస్తాయి. గట్లు చెక్కేసి, గడ్డికి కూడా మందు కొట్టేసిన చోటికి రావడం ఆలస్యమవుతుంది. మందు కొట్టే ముందు పది దుబ్బులు పక్కకు వంచి దోమల్నీ సాలీళ్ళనీ రెండిటినీ లెక్కపెట్టండి. సాలీళ్ళు దండిగా ఉంటే రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. నాటేటప్పుడే కాలిబాటలు వదలడం, యూరియా అతిగా వేయకపోవడం మీకు తెలిసినవే.

గూడు చూసి సాలీడు ఆరోగ్యం చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. దీని వెనక ఒక సరదా కథ ఉంది. 1948లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో హాన్స్ పీటర్స్ అనే జంతుశాస్త్రవేత్త గూడు కట్టడం చిత్రించాలనుకున్నాడు. సాలీడేమో తెల్లవారుజామున నాలుగింటికి కడుతుంది. ఆయనకు నిద్ర పాడు. ఏదైనా మందు ఇస్తే వేళ మారుతుందేమోనని పీటర్ విట్ అనే మందుల శాస్త్రవేత్తను అడిగాడు. వేళ మారలేదు గానీ గూడు ఆకారం మారిపోయింది! ఒక్కో మందుకు ఒక్కో రకంగా చెడింది. పీటర్స్ గారి నిద్ర సంగతి ఏమైందో గానీ, విట్ మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే పని మీద ఉన్నాడు.

1995లో నాసా వాళ్ళు ఇదే ఆలోచనతో, గూటిలోని గళ్ళను కంప్యూటరుతో కొలిచి రసాయనం ఎంత విషపూరితమో చెప్పవచ్చని చూపించారు. కెఫీన్ ఇచ్చిన సాలీడు గూటి ఫొటో చాలామంది చూసే ఉంటారు: చక్రం అన్న మాటే లేదు, ఎటు పడితే అటు గీతలు. కాఫీ మానలేని నాలాంటివాళ్ళకు ఆ ఫొటో అంత మంచిది కాదు. 1992లో ఇద్దరు శాస్త్రవేత్తలు పురుగుమందులతో చేసిన పరీక్షలో సైపర్‌మెత్రిన్ తగిలిన తోట సాలీళ్ళు గూడు కట్టడమే తగ్గించాయి, కట్టినవి చిన్నవిగా, కుదురు లేకుండా ఉన్నాయి.

మా స్నానాలగదిలో బొద్దింకల కోసం స్ప్రే కొట్టిన మర్నాడు మూలనున్న పొడుగుకాళ్ళ సాలీడు సగం గూటిలో వేలాడుతూ కనిపించింది. దానికి ఎంత తగిలిందో చెప్పడానికి నాకు ప్రయోగశాల అక్కర్లేకపోయింది.

క్వారీ దుమ్ము, రోడ్డు దుమ్ము పడితే గూడు పనికొస్తుందా?

గూటి రకాన్ని బట్టి. చక్రం గూటి మెలిక దారం మీద జిగురు బొట్లు ఉంటాయి. ఆ జిగురు గాలిలోని తేమను లాక్కుని తడిగా ఉంటుంది. దుమ్ము పడితే బొట్టు పూత పూసినట్టు అయిపోయి పురుగు అంటుకోదు. అయినా ఆ సాలీడుకు నష్టం తక్కువ. ఎలాగూ తినేసి కొత్తది కడుతుంది, కాకపోతే కట్టే ఖర్చు పెరుగుతుంది.

అవస్థ పడేవి పొడి దారం వాళ్ళు. సర్కారు తుమ్మ కొమ్మల్లో మురికి బట్ట ముద్దలా వేలాడే గూళ్ళు చూసుంటారు. అందులో ఒకటి కాదు, పదుల కొద్దీ సాలీళ్ళు కలిసి కాపురం ఉంటాయి, ఉమ్మడి కుటుంబం. వాటి దారానికి జిగురు ఉండదు. దువ్వి ఉన్నిలా చేసిన అతి సన్నని పోగులే పురుగు కాళ్ళకు చిక్కుకుంటాయి. ఆ పోగుల్లో దుమ్ము ఇరుక్కుంటే పట్టు పోతుంది. రోజూ పాతదాని మీద కొత్త పోగులు వేస్తూనే ఉండాలి.

వీధి దీపాల దగ్గర సాలీళ్ళు లావుగా ఉంటాయి. వెలుతురు మంచిదేనా?

దీపం దగ్గర పురుగులు గుంపు కడతాయి, సాలీడుకు అది పెళ్ళి భోజనం. వియన్నాలో డాన్యూబ్ కాలువ మీద వంతెన కటకటాల దగ్గర 1999లో గమనించారు: దీపం వెలుతురు పడే కటకటాలకే సాలీళ్ళు ఎక్కువ. ఎన్నడూ దీపం కింద వేటాడని, ప్రయోగశాలలో పెరిగినవి కూడా వెలుతురు చోటే ఎంచుకున్నాయి. మన నాగావళి వంతెన మీద వానాకాలం రాత్రి నడిచినవాళ్ళకు ఇది వింతేమీ కాదు.

సిడ్నీ నగరంలో బంగారు దారం సాలీళ్ళు అడవిలోవాటి కన్నా పెద్దవిగా ఉన్నాయని 2014లో తేలింది. ఆ సాలీడు చుట్టం మనకూ ఉంది. పాత శ్రీకాకుళం జిల్లా సీతంపేట కొండల్లో చెట్ల మధ్య అరచేయంత ఆడది పసుపు దారంతో కట్టే గూడే అది.

అయితే మెల్‌బోర్న్‌లో మరో జాతిని రాత్రిళ్ళు దీపం కింద పెంచి చూస్తే, ఆడవి త్వరగా ఈడుకొచ్చాయి గానీ చిన్నవిగా మిగిలి, తక్కువ గుడ్లు పెట్టాయి. బయట దొరికే భోజనం ఒక పక్క, ఒంట్లో గడియారం చెడటం ఒక పక్క. ఏది ఎక్కువన్నది జాతిని బట్టి మారుతుంది.

లారీల మోత సంగతి?

గూడు కట్టే సాలీడు ఎక్కువగా వినేది గూటితోనే. కాళ్ళ మీది సన్నని చీలికలతో దారం వణుకును పడుతుంది. అమెరికాలోని నెబ్రాస్కాలో గరాటు గూడు కట్టే సాలీళ్ళ మీద 2025లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మోత ఎక్కువైనప్పుడు నగరం సాలీళ్ళు ఆ వణుకును అణిచేలా, పల్లె సాలీళ్ళు కొన్ని వణుకులు పెరిగేలా గూళ్ళు కట్టాయి. ఒకటి చెవిలో దూది పెట్టుకుంది, ఒకటి చెవి రిక్కించింది.

గూళ్ళు పరీక్షిస్తే మన ఊరి గాలి గురించి తెలుస్తుందా?

తెలుస్తుంది. గూడు అంటే కరెంటు అక్కర్లేని వడపోత. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో బస్‌స్టాపుల దగ్గరి గూళ్ళు తీసి చూస్తే ప్లాస్టిక్ రేణువులు, టైర్ల అరుగుదల దొరికాయి. గరివిడి వైపు మాంగనీసు ఖనిజం, లోహ పరిశ్రమ ఉన్నాయి. టెక్కలిలో రాతిపొడి, పలాసలో జీడిగింజలు కాల్చే పొగ. కాలేజీ పిల్లలు ప్రాజెక్టు కోసం అడిగితే నేను ఇదే చెబుతాను: ఈ మూడు చోట్ల బూజు విడివిడిగా కాగితం పొట్లాల్లో కట్టి తీసుకెళ్ళండి, మీ కెమిస్ట్రీ డిపార్టుమెంటులో లోహాలు కొలిచే యంత్రం ఉంటే పని అయిపోతుంది. పోల్చడానికి ఏ రోడ్డూ లేని తోటలోంచి నాలుగో పొట్లం మరవకండి.

నీటి కాలుష్యానికైతే ఏటి ఒడ్డు గడ్డి మీద పుల్లలా సాగి కూర్చునే పొడుగు దవడల సాలీడు మంచి సాక్షి. నీళ్ళలో పుట్టి రెక్కలొచ్చిన పురుగుల్ని తింటుంది కాబట్టి ఏటి అడుగు బురదలో ఉన్నది దాని ఒంట్లోకి వస్తుంది. అమెరికాలో నదుల బురద ఎంత చెడిందో చూడటానికి వీటినే పడుతున్నారు.

సాలీడు దాచుకున్న విషం దాన్ని తిన్న పిట్టకు తగలదా?

తగులుతుంది. అప్పు చివరకు ఇక్కడ తేలుతుంది. వర్జీనియాలో సౌత్ రివర్ అనే నది పాదరసంతో పాడైంది. ఒడ్డున ఉండే పాటల పిట్టలు చేపలు తినవు, అయినా వాటి నెత్తురులో పాదరసం. ఎలా వచ్చిందని చూస్తే, సాలీళ్ళ ద్వారా. 2008లో ఇది బయటపడింది. సాలీడు తనను తాను కాపాడుకోవడానికి అటక మీద పెట్టిన బోను పిట్ట ఇంట్లో తెరుచుకుందన్నమాట.

కాలుష్యంలో పెరిగిన సాలీడు కరిస్తే ఎక్కువ విషమా?

కాదు. లోహం పొట్టలోని గ్రంథిలో ఉంటుంది, కాటు విషం తల దగ్గరి వేరే గ్రంథిలోది. పొద్దున లేచేసరికి మెడ మీద గీతలా పొక్కులొస్తే 'సాలీడు పాకింది' అంటాం. వాటిలో చాలావరకు దీపానికి వచ్చే ఒక ఎర్ర నలుపు పురుగు చితికి దాని రసం అంటడం వల్ల, లేదంటే సర్పి వల్ల వచ్చేవి. పసరు పూసుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇంట్లో బూజు ఉంటే ఇల్లు మురికిగా ఉన్నట్టా?

మా ఇంట్లో సంక్రాంతి ముందు ఏటా జరిగే పంచాయితీ ఇది. బూజు అంటే మూలల్లో ఉండే పొడుగుకాళ్ళ సాలీళ్ళు వదిలేసిన గూళ్ళు. అవి గుండ్రటి గూడు కట్టేవాటిలా పాతది తినేయవు, అందుకే దుమ్ము పట్టి వేలాడుతుంది. నల్లగా కనిపించేది దారం కాదు, మీ వీధి గాలి. కాబట్టి దులపండి, తప్పు లేదు. సాలీడును మాత్రం చీపురుతో పక్కకు తోసి వదిలేయండి, దోమల్ని తింటుంది. శ్రీకాళహస్తిలో శివుడికి గూడు కట్టిన 'శ్రీ' కథ చెప్పి మా ఆవిడను ఒప్పించబోతే, 'ఆ సాలీడు గుళ్ళో కట్టింది, నా వంటింట్లో కాదు' అంది.

అంత కష్టమైతే ఎగిరిపోవచ్చు కదా?

పిల్లలు నిజంగానే ఎగిరిపోతాయి. గడ్డిపరక చివర కెక్కి, పొట్ట పైకెత్తి, దారం వదులుతాయి. గాలితోపాటు గాలిలోని విద్యుత్ క్షేత్రం కూడా వాటిని లేపుతుందని 2018లో ప్రయోగంతో చూపించారు. ఎక్కడ దిగుతాయో వాటి చేతిలో లేదు. తోటలో దిగవచ్చు, క్వారీలోనూ దిగవచ్చు. పాడైన చోట్లకు సాలీళ్ళు మళ్ళీ మళ్ళీ చేరడానికి ఇదీ ఒక కారణం. బాగున్నాయని కాదు, కొత్తగా దిగాయని.

మా పిల్లలతో ఇంటి దగ్గర చూడగలిగేది ఏమైనా ఉందా?

ఉంది, ఖర్చు లేదు. రోడ్డు పక్కన ఒక చోటు, పెరట్లో ఒక చోటు ఎంచుకోండి. ఒక టార్చి, నీళ్ళు చిమ్మే సీసా, స్కేలు, నోటు పుస్తకం. గుండ్రటి గూటి మీద సన్నగా నీళ్ళు చిమ్మితే దారాలు మెరుస్తాయి. అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత కొలవండి. మధ్యలోంచి బయటకు వచ్చే చువ్వలు లెక్కపెట్టండి. ఎన్ని చోట్ల తెగింది, ఎన్ని పురుగులు పడ్డాయి రాయండి. ముట్టుకోకూడదు. వారానికి ఒకసారి చొప్పున వినాయకచవితి నుంచి దీపావళి దాకా చేస్తే రెండు చోట్లకూ తేడా పిల్లలే చెబుతారు. పొద్దెక్కాక లేపి తీసుకెళ్తే మాత్రం లాభం లేదు. చాలా గూళ్ళు అప్పటికే వాటి పొట్టలో ఉంటాయి.